రాఘవమ్మకు మందు పెట్టిందెవరు

పలమనేరు,
18 ఆగస్టు 2025

పల్లవికి,

మేమిక్కడ బాగున్నాం. మీరూ బాగున్నారని తలుస్తాను అని రాయాలి, కానీ అక్కడ బాగాలేదని మా బండి తోలే చిన్నబ్బ చెప్పాడు.

ఈ కాలంలో ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోనెత్తితే మనిద్దరి గొంతులూ పెరుగుతాయి, మధ్యలో తమ్ముడు నలిగిపోతాడు. పైగా ఫోన్లో అన్న మాటను మర్నాడు నేననలేదని దులిపేసుకోవచ్చు. కాగితం మీద రాస్తే అలా కుదరదు. మా తోట పూలబండి రోజూ మీ పూలంగడికి వస్తూనే ఉంది, జవాబు చిన్నబ్బ చేతికే ఇవ్వు.

చామంతి బుట్టలు దించి, ఖాళీ బుట్టల కోసం వాడు మీ ఇంటిదాకా వచ్చాడట. అమ్మ వరండాలో చాప మీద ముడుచుకుని పడుకుని ఉందట. "అక్కా, పెద్దమ్మ మొగం సూస్తే నాకు బయమేసింది. కండ్లు లోపలికి పోయినాయి. పల్లవక్క గ్లాసుతో ఉప్పునీళ్ళు తాపిస్తా ఉంది" అని వాడు చెప్పాడు. బేదులు మొదలై అప్పటికే రెండు రోజులైందట. కన్నకూతురికి ఆ సంగతి బండి తోలేవాడి నోట తెలియాలా?

ఉగాది తర్వాత ఒకసారి, ఎండలు తగ్గుముఖం పట్టాక ఒకసారి, మళ్ళీ ఇప్పుడు. మా అమ్మ రాళ్ళు తిన్నా అరిగించుకునే మనిషి. నాయన పోయి మీ ఇంటికి వచ్చిన దగ్గరనుంచే ఆమె కడుపు ఇలా ఎందుకైంది? ఏం పెడుతున్నావు? ఏ నీళ్ళతో వండుతున్నావు? గంజి తప్ప ఏమీ పెట్టడం లేదంటున్నారు, నిజమేనా? ఉప్పునీళ్ళు తాగించాల్సినంత కరువు ఏమొచ్చింది?

దాచకుండా రాయి. తమ్ముడిని అడిగితే "అంతా పల్లవి సూసుకుంటా ఉంది కదా అక్కా" అంటాడు. నువ్వు చూసుకుంటున్నావనే అడుగుతున్నాను.

నీ ఆడబిడ్డ,
రేవతి

*

తిరుచానూరు,
20 ఆగస్టు 2025

వదినగారికి పల్లవి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. చిన్నబ్బ దాన్ని మీ తమ్ముడి ముందే ఇచ్చి, నేను చదివేదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. నా ముఖం ఎలా మారుతుందో చూసి రమ్మని చెప్పారేమో నాకు తెలియదు.

మీరడిగినవన్నీ రాస్తాను. అది ఉత్త ఉప్పునీళ్ళు కాదు, ఓఆర్ఎస్. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చారు. పొట్లం మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, గుక్కగుక్కగా తాగించమన్నారు. ఒకేసారి తాగిస్తే కక్కేస్తుందట. బేది అయిన ప్రతిసారీ పోయిన నీళ్ళు తిరిగి లోపలికి వెళ్ళాలట. గంజి ఒక్కటే పెట్టడం లేదు. మజ్జిగన్నం, అరటిపండు, మెత్తగా ఉడికించిన పెసరపప్పు కూడా పెడుతున్నాను. తినగలిగినంత తింటోంది. మీరు పంపే పాలు మాత్రం కొన్నాళ్ళు ఆపాను, కడుపు కుదుటపడేదాకా వద్దన్నారు. రక్తపోటు మాత్ర కూడా ఆపాను. అది ఒంట్లో నీళ్ళు లాగేసే మాత్ర కాబట్టి తగ్గాక మళ్ళీ చెబుతామన్నది డాక్టరమ్మే.

నీళ్ళు కాచే తాగుతున్నాం. తెల్లారకముందే లాడ్జికి ఇడ్లీలు పంపాలి, వచ్చిన యాత్రికులంతా నా చేతి ఇడ్లీ తినే మెట్లెక్కుతారు. వాళ్ళలో ఒక్కరికీ కడుపునొప్పి రాలేదు. నేనూ మీ తమ్ముడూ అదే గిన్నెలో తింటున్నాం, మాకూ ఏమీ కాలేదు. మరి అత్తకే ఎందుకొస్తోందో నాకూ అంతుబట్టడం లేదు. ఒక్కటి మాత్రం గమనించాను. పోయినసారీ ఈసారీ మీ ఇంటినుంచి పాలు, జున్ను ఉన్న మూట వచ్చిన వారంలోనే మొదలైంది. నేనేమీ అనడం లేదు. మీరడిగారు కాబట్టి రాశాను.

అత్త బాగా చిక్కిపోయింది. గాజులు చేతికి నిలవడం లేదు, స్నానం చేయిస్తుంటే జారి పడ్డాయి. తీసి నా దగ్గర పెట్టాను. నిన్నటినుంచి బేదులు తగ్గాయి. ఈరోజు లేచి కూర్చుని వక్కాకు అడిగింది.

మీకు ముందే చెప్పలేదంటే, అత్తే వద్దంది. "దానికి సెప్పొద్దు, పరిగెత్తుకుని వస్తాది" అంది.

ఉంటాను.
పల్లవి

*

పలమనేరు,
22 ఆగస్టు 2025

పల్లవీ,

నీ ఉత్తరం చదివి మా ఆయనకు వినిపించాను. ఆయన కూడా నోరు తెరిచాడు.

పాలు ఆపావు. మాత్ర ఆపావు. గాజులు తీసి నీ దగ్గర పెట్టుకున్నావు. ఇంకేం మిగిలింది? అవి మా అవ్వ చేతి గాజులు. నాయన పోయినరోజు కూడా అమ్మ వాటిని తీయనివ్వలేదు. అలాంటివి సబ్బు నురగకు జారిపోయాయంటే నమ్మమంటావా?

పైగా మా ఇంటి మూట మీద నెపం. మా ఆవుల పాలు, మా చేతి జున్ను తిని పెరిగినవాళ్ళం మేమంతా. నా మూటలో విషముందని కాగితం మీద రాసే ధైర్యం నీకెక్కడినుంచి వచ్చింది?

నేను నోరు జారకూడదనుకున్నాను. కానీ మా వీధిలో దేవకమ్మత్త విని ఏమందో నువ్వూ తెలుసుకోవాలి. "అందురూ ఒకే గిన్నెలో తిని, ఒక్క ముసిలిదానికే కడుపు జాడిస్తా ఉందంటే అది రోగం గాదు పాపా. అన్నంలో మందు పెట్టినట్టుండాది" అంది. నేనా మాట అనడం లేదు. నలుగురూ అనుకునేదాకా తెచ్చుకోవద్దంటున్నాను.

అమ్మను ఇక్కడికి పంపు. గాజులతో సహా. తమ్ముడికీ ఫోన్ చేసి చెప్పాను. ఆదివారానికి అమ్మ మా ఇంట్లో ఉండాలి.

రేవతి

*

తిరుచానూరు,
24 ఆగస్టు 2025

వదినా,

అత్తను మీ తమ్ముడే కారు మాట్లాడి తీసుకొస్తున్నాడు. గాజులు తెల్ల గుడ్డలో చుట్టి, ఆమె చీరల మధ్య పెట్టాను. మీ తమ్ముడి ముందే ముడి వేశాను. మీరూ ఆయన ముందే విప్పండి.

సంచిలో పక్క అరలో ఓఆర్ఎస్ పొట్లాలున్నాయి. మళ్ళీ బేదులైతే మొదటి దానికే మొదలుపెట్టండి, చూద్దాంలే అని ఆగొద్దు. ఆ వయసులో నీళ్ళు పోతే మనిషి తొందరగా పడిపోతుందట. నీళ్ళు మాన్పించొద్దు, తిండి మాన్పించొద్దు. నాలుక ఎండినా, మూత్రం తగ్గినా, మనిషి మత్తుగా ఉన్నా ఇంట్లో పెట్టుకోవద్దు. డాక్టరమ్మ నాకు చెప్పిన మాటలే ఇవి.

అన్నంలో మందు పెట్టే చెయ్యో కాదో, ఆ చేత్తోనే ఆమె బట్టలు ఉతికాను. ఇంతకంటే రాయలేను.

పల్లవి

*

పలమనేరు,
2 సెప్టెంబరు 2025

పల్లవికి,

గాజులు అందాయి. రెండూ ఉన్నాయి. ఆ విషయం ఒప్పుకుంటున్నాను.

అమ్మ ఇక్కడ కుదురుగా ఉంది. వచ్చిన మర్నాటినుంచే ముఖంలో కళ వచ్చింది. రాగి సంగటి, నాటుకోడి పులుసు, పూటకో గ్లాసు పాలు, అన్నీ లోపలికి పోతున్నాయి, ఒక్క బేది లేదు. పొద్దున్నే చామంతి తోటలో చివరిదాకా నడిచి వస్తుంది. "అంత దూరం ఎందుకమ్మా" అంటే "కాళ్ళు పట్టుకుపోతాయి మే, నడవాల" అంటుంది. అక్కడ చాప మీదినుంచి లేవలేని మనిషి ఇక్కడ తోట చుట్టొస్తోంది. దీనికి ఏమంటావు?

మా ఊరి చల్లగాలి అనొచ్చు, నీళ్ళు అనొచ్చు. నేను ఏమనుకుంటున్నానో రాయను. చిన్నబ్బ కూడా నిన్న అమ్మను చూసి, "ఇల్లు మారితే మనిషే మారిపోయింది కదక్కా" అన్నాడు. చదువురానివాడికి కూడా అర్థమైంది.

అమ్మ ఇక ఇక్కడే ఉంటుంది. ఆమె మిగతా చీరలు, దేవుడి పటం, చెక్క దువ్వెన బండిలో పంపు.

రేవతి

*

తిరుచానూరు,
5 సెప్టెంబరు 2025

వదినా,

అత్త బాగుందంటే సంతోషం. నా మీద ఒట్టేసి రాస్తున్నాను, సంతోషమే. చీరలు, పటం, దువ్వెన పంపాను.

మీరు రాయనన్నది చిన్నబ్బ పూలంగళ్ళ దగ్గర నోరారా చెప్పాడు. "పల్లవక్క వాళ్ళత్త రాఘవమ్మకు మందు పెట్టిందంట, పలమనేరుకు పోంగానే లేసి నడిచిందంట" అన్న మాట మాలలు కట్టే ఆడవాళ్ళ చేతుల మీదుగా పాకుతూ పోయి లాడ్జి దాకా చేరింది. మొన్న పొద్దున ఇడ్లీ గిన్నెలు తీసుకుని వెళ్తే మేనేజరు మోహన్ గుమ్మంలోనే ఆపాడు. "ఏమీ అనుకోవద్దమ్మా. యాత్రికులకు కడుపు సెడిందంటే పేరు మా లాడ్జికి వస్తాది. కొన్నాళ్ళు పోనీండి" అన్నాడు. అతను నా ముఖం చూడలేదు. గిన్నెల మీద కప్పిన గుడ్డనే చూస్తూ మాట్లాడాడు.

ఆ ఇడ్లీలన్నీ ఎవరు తింటారు? పక్కింటి నిస్సీకి ఇస్తే తీసుకుంది. తర్వాత ఆమె వాటిని గోడ అవతల ఆవుకు వేయడం నేను చూశాను. రోజూ నా దగ్గర మజ్జిగ పోయించుకునే మనిషి.

మీ తమ్ముడు ఏమీ అనడం లేదు. కానీ మొన్న నేను అన్నం వడ్డిస్తే ఒక్క క్షణం ఆగి, నేను తినడం మొదలుపెట్టాక తిన్నాడు. అది నేను ఊహించుకున్నదేనా, నిజంగా అలా జరిగిందా?

మీరు అనుమానపడ్డారు. మీ అమ్మ, మీకా హక్కు ఉంది. కానీ అనుమానాన్ని పూలబండికి ఎక్కించి పంపారు. అది మాత్రం నేను మరవలేను.

పల్లవి

*

పలమనేరు,
13 సెప్టెంబరు 2025

పల్లవీ,

ఇది ఆసుపత్రిలో, అమ్మ మంచం పక్కన కూర్చుని రాస్తున్నాను. ఆమె నిద్రపోతోంది. ఫోన్లో నీకు అంతా చెప్పలేదు. మొదటినుంచీ రాస్తాను. చదివి ఏమన్నా పడతాను.

మంగళవారం పొద్దున అమ్మకు బేదులు మొదలయ్యాయి. మా ఇంట్లో, మా నీళ్ళతో, నా చేతి వంటతో. మొదట నేను నమ్మలేదు. ఒకటి రెండుసార్లు ఎవరికైనా అవుతుందిలే అనుకున్నాను. మధ్యాహ్నానికి కడుపులోది నీళ్ళలా పోతూనే ఉంది. నీ పొట్లాలు సంచిలో ఉన్నాయని గుర్తుంది. కానీ వాటిని ముట్టుకోలేదు. అవి అంటించి ఉన్నవే, మీద పేరు అచ్చై ఉన్నదే. అయినా నా మనసు ఏమందో తెలుసా? సూదితో పొడిచి లోపల ఏమైనా కలిపి ఉండొచ్చు కదా అంది. ఎప్పుడో పెట్టిన మందు ఇప్పుడు పనిచేస్తోందేమో అని కూడా అనుకున్నాను. పొట్లాలు తీసి అటక మీదికి విసిరేశాను.

దేవకమ్మత్త వచ్చి, "కారే కుండలో ఎవురన్నా నీళ్ళు పోస్తారా? నోరు కట్టేయి, అదే నిలస్తాది" అంది. నీళ్ళు మాన్పించాను. అమ్మ దాహం దాహం అంటే పెదాలు మాత్రం తడిపాను. చూడలేక సాయంత్రం అంగడినుంచి రంగు సోడా తెచ్చి ఇచ్చాను, అది తాగాక ఇంకా ఎక్కువైంది. బుధవారం పొద్దున్నే లేపితే కళ్ళు తెరిచి, "ఎవురు?" అంది. నన్ను చూసి, ఎవరని అడిగింది.

అప్పుడు నా చెయ్యి నీ నంబరే నొక్కింది. ఎందుకో తెలియదు. నువ్వు ఫోనెత్తి, నేను ఏడుస్తుంటే ఒక్క మాట అనలేదు. "నాలుక సూడండి వదినా. తడిగా ఉండాదా?" అన్నావు. ఎండి చెక్కలా ఉందన్నాను. "చేతి మీద చర్మం రవంత పట్టి వదలండి" అన్నావు. వదిలితే అలాగే ముడతపడి నిలబడింది. "మూత్రం ఎప్పుడు పోసింది?" అన్నావు. నిన్నటినుంచి లేదన్నాను. "అయితే ఇంక ఇంట్లో పెట్టుకోవద్దండి. అన్నను బండి తీయమనండి. పోయేదాకా స్పూనుతో తాపిస్తానే ఉండండి. నా పొట్లం వద్దనుకుంటే అంగట్లో కొత్తది కొనండి" అన్నావు.

ఆ చివరి మాట నన్ను కోసేసింది. నీకు ముందే తెలుసు.

ఇక్కడ నరానికి సెలైన్ పెట్టారు. ఇంకొంచెం ఆలస్యమైతే మూత్రపిండాలు దెబ్బతినేవన్నారు. ఏమైనా నాటుమందులు వాడుతుందా అని డాక్టరు అడిగితే అమ్మ తల అడ్డంగా ఊపింది. నేనూ లేదన్నాను.

ఇక్కడితో నాకు బుద్ధి వచ్చిందనుకోకు. రాలేదు. అమ్మ కాస్త తేరుకోగానే మా ఆయనా నేనూ మంచం పక్కనే మాట్లాడుకున్నాం. పుంగనూరు పక్కన పసరు పోసి పెట్టుడుమందు కక్కించే ఆయన ఉన్నాడట, ఇక్కడినుంచి పంపగానే అక్కడికి తీసుకెళ్దాం అన్నాడాయన. మందు బయటపడితే దాన్ని పట్టుకుని పోలీసు స్టేషనుకే పోదామని నేనన్నాను. అమ్మ నిద్రపోతోందనుకున్నాం.

"ఆ పిల్ల జోలికి పోవద్దండి" అంది.

తిరిగి చూస్తే మోచేయి ఆనించి లేవబోతోంది. "మందు ఎవురూ పెట్టలేదు. నేనే మింగినా" అంది.

మొదట మత్తులో అంటోందనుకున్నాం. తర్వాత ఒక్కొక్కటే చెప్పింది. పోయినేడాది నాకు గర్భసంచి ఆపరేషన్ అయి నెత్తురు ఆగనప్పుడు, నేను బతికితే అలిపిరి నుంచి కొండదాకా నడిచి వస్తానని మొక్కుకుందట. మెట్లెక్కడానికి మోకాళ్ళు వంగవు, ఇక్కడ పొద్దున్నే తోటలో నడిచింది కూడా అందుకేనట. ఉగాదికి ముందు నువ్వు అంగట్లో ఉన్నప్పుడు అలిపిరి దగ్గర చెట్టుకింద పొడులు అమ్మే ఒకతని దగ్గరికి వెళ్ళిందట. "లోపలుండే వాతమంతా కిందికి దిగిపోవాల, అప్పుడే కీళ్ళు వదులవుతాయి" అని ఏదో పొడి ఇచ్చాడట. బేదులు ఎంత అయితే అంత మంచిదన్నాడట. ఒళ్ళు కూడదీసుకున్నప్పుడల్లా మళ్ళీ మొదలుపెట్టేదట. స్వామికి మొక్కులు తీర్చే పెరటాసి నెల దగ్గరపడుతోందని, వక్కాకు సంచిలో దాచి తెచ్చుకున్నది ఈసారి ఇంకాస్త ఎక్కువ వేసుకుందట.

"బస్సులో పోవచ్చు కదమ్మా" అన్నాను. "నడిచి వస్తానని మొక్కుకుని బస్సులో పోతే స్వామికి ఏ మొగం సూపించేది?" అంది.

"మేమిద్దరం నీ గురించే కొట్టుకుంటా ఉండామని తెలుసు కదా, మరి ఎందుకు సెప్పలేదు?" అని అడిగాను. "మీరిద్దరూ ఒకర్నొకరు సూసుకుంటా ఉంటే నా జోలికి రారులే అనుకున్నా" అంది.

పల్లవీ, అమ్మ ఆ మాట అన్నాక నేను నా కన్నతల్లి ముఖం చూడలేకపోయాను. మా ఆయన వరండాలోకి వెళ్ళిపోయాడు.

నిన్ను ఏమని అడగాలో తెలియడం లేదు. క్షమించు అన్న మాట చిన్నగా ఉంది, రాసి కొట్టేశాను. మచ్చ చూడు, కనిపిస్తుంది. అమ్మ కుదుటపడగానే నేను తిరుచానూరు వస్తాను. ఆ లాడ్జి గుమ్మంలో అందరి ముందూ కూర్చుని నీ ఇడ్లీ తింటాను.

రేవతి

*

తిరుచానూరు,
15 సెప్టెంబరు 2025

వదినా,

మీ ఉత్తరం అంగట్లోనే చదివాను. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అదీ మీ మీద కాదు. బాత్రూముకు నడవలేకపోతే నేనామెను రెండు చేతులతో ఎత్తి తీసుకెళ్ళేదాన్ని. నా మెడ చుట్టూ చెయ్యి వేసి, "నీకు ఎంత కష్టం తెచ్చినానే" అనేది. నేనది ప్రేమనుకుని కరిగిపోయేదాన్ని. నీళ్ళు ఎక్కడివి, పప్పు ఎక్కడిది అని నేను తల బాదుకుంటుంటే చూస్తూ ఊరుకుంది. మీ మూట మీద నేను అనుమానపడినప్పుడు కూడా ఆమె పక్కనే ఉంది. మీ పాలు పారబోస్తుంటే చూసింది. ఆ అనుమానానికి నేను మీకొక క్షమాపణ బాకీపడ్డాను. మీ దానంత పెద్దది కాదు గానీ, ఉంది.

కోపం ఉన్నా పని ఆగదు కదా. ఇవి చూసుకోండి. ఆ పొడి మిగిలింది పారేయొద్దు, డాక్టరుకు చూపించండి. రక్తపోటు మాత్ర మీ అంతట మీరు మొదలుపెట్టొద్దు. కొన్నాళ్ళు రాగి సంగటి, కోడి పులుసు వద్దు. మెత్తన్నం, మజ్జిగ, కూరగాయలు వేసి ఉడికించిన పప్పు కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు పెట్టండి. దాహం లేదన్నా నీళ్ళు ఇస్తూ ఉండండి. ఆమె చేతులు, మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. మోకాళ్ళకు వేరే డాక్టరు ఉంటాడు, అది తర్వాత చూద్దాం.

లాడ్జి సంగతి. మీరొక్కరే వచ్చి తింటే చాలదు. ఇంటివాళ్ళు కుమ్మక్కై కప్పిపుచ్చుతున్నారంటారు. చిన్నబ్బను తీసుకురండి. చెప్పిన నోటితోనే తినాలి.

పల్లవి

*

పలమనేరు,
26 సెప్టెంబరు 2025

పల్లవీ,

ఆరోజు లాడ్జి దగ్గర చిన్నబ్బ ఇడ్లీ నమలలేక నమలడం నా కళ్ళముందే ఉంది. వాడికి ఇడ్లీ గొంతు దిగకపోవడం భయంతో కాదు, సిగ్గుతో. "పెద్దమ్మ తనే మింగిందంటప్పా, అక్క పెట్టలేదు" అని మాలలు కట్టే వాళ్ళందరికీ వినబడేలా అరిచి చెప్పాడు కదా, బండి ఎక్కాక దారంతా మాట్లాడలేదు. మోహన్ సగం గిన్నెలే పంపమన్నాడని నువ్వు ముఖం చిన్నబుచ్చుకున్నావు. మిగతా సగం కూడా వస్తుంది. రాకపోతే మళ్ళీ వచ్చి కూర్చుంటాను.

అమ్మ తేరుకుంది. రక్తపరీక్ష బాగానే వచ్చింది. కానీ నాకు కొత్త జబ్బు పట్టుకుంది. ఆమె స్నానానికి వెళ్తే నేను దిండు కింద వెతుకుతున్నాను. వక్కాకు సంచి తిరగేసి వాసన చూస్తున్నాను. నిన్న సున్నం డబ్బాలో వేలుపెట్టి నాకానంటే నమ్ము. ఆమె చూసింది. "ఏం ఎతుకుతా ఉండావే?" అంది. ఏమీ లేదన్నాను. నేనూ అబద్ధమాడాను.

ఇప్పుడు ఆమె ఒకటే పాట. తిరుచానూరు పోతాను, పల్లవి దగ్గరికి పంపు అని. ఇక్కడ నేను పోలీసులా చూస్తున్నానట. నిన్ను అడగకుండా పంపను. నీ ఇల్లు, నీ మనసు. వద్దంటే వద్దని రాయి, నేను తప్పు పట్టను. మొక్కు ఇంకా వదల్లేదు, అది కూడా తెలిసి జవాబు రాయి.

నీ
రేవతి వదిన

*

తిరుచానూరు,
6 అక్టోబరు 2025

రేవతి వదినకు,

అత్తను పంపమని ఫోన్లో చెప్పానే తప్ప మీ ఉత్తరానికి జవాబు రాయలేదు. వచ్చాక ఎలా ఉంటుందో చూసి రాద్దామనుకున్నాను.

ముందు మొక్కు సంగతి. పెరటాసి మూడో శనివారం పొద్దున అలిపిరికి తీసుకెళ్ళాం. ఆమె ఎక్కేస్తానని కొంగు బిగించింది. నేను ఆపలేదు, వాదించలేదు. "పదండత్తా, నేనూ వస్తా" అన్నాను. మొదటి మెట్టుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, కర్పూరం వెలిగించింది. ఇంకొన్ని మెట్లు ఎక్కి పక్కకు కూర్చుంది. వెనకాల జనం గోవిందా అంటూ దాటుకుపోతున్నారు. పైకి చూసింది, మోకాలు పట్టుకుంది. "జయచంద్రా, నువ్వు పోయి నా బదులు సెప్పిరా నాయనా" అంది. మీ తమ్ముడు మిగతా మెట్లన్నీ ఎక్కాడు. మేమిద్దరం కిందే కూర్చుని వేరుశనక్కాయలు తిన్నాం. ఆ పొడులమ్మే మనిషి అక్కడ లేడు. చెట్టు చుట్టూ తిరిగి చూశాను. అత్త కూడా చూసింది, నేను చూస్తున్నానని తెలిసే చూసింది.

ఇంట్లో మాత్రం మునుపటిలా లేదు. ఉందని రాస్తే మీరు సంతోషిస్తారు, కానీ అబద్ధం అవుతుంది. అత్త వచ్చిన మొదటి పూట అన్నం వడ్డించి, ఆమె కంచంలోంచి ఒక ముద్ద తీసి నేను ముందు తిన్నాను. ఆమె అడగలేదు, మీరు అడగలేదు, ఎవరూ అడగలేదు. నా చెయ్యే వెళ్ళింది. తర్వాత పూట కూడా అంతే. లాడ్జిలో గిన్నెలు దించినప్పుడు కూడా మోహన్ ముందు ఒక ఇడ్లీ విరిచి నోట్లో వేసుకుంటున్నాను. అతను "అదేమీ వద్దమ్మా" అన్నాడు. అయినా మానలేకపోతున్నాను. నేనేం వేస్తున్నానో ఎవరైనా చూడనీ అని ఒంటరిగా వండేటప్పుడు కూడా తలుపు బార్లా తీసిపెడుతున్నాను.

అత్త రెండు మూడు రోజులు ఊరకే చూసింది. నిన్న మధ్యాహ్నం ముగ్గురం కూర్చున్నాం. నేను నా కంచంలో సగం తిని, ఆమెకు చారన్నం కలిపి ఆమె కంచంలో చెయ్యి పెట్టబోతే నా మణికట్టు పట్టుకుంది. చెయ్యి ఇంకా సన్నగానే ఉంది, కానీ పట్టు గట్టిగా ఉంది.

"ఎందుకే ముందు తింటావు?" అంది.

"అలవాటైపోయింది అత్తా" అన్నాను.

ఆమె తన కంచం పక్కకు నెట్టింది. నేను సగం తిన్న కంచం తన ముందుకు లాక్కుంది. నా ఎంగిలి, వదినా. పెళ్ళైనప్పటినుంచి నేను తాగిన చెంబు కూడా కడిగించి గాని ముట్టుకోని మనిషి. నా వేళ్ళ ఆనవాళ్ళున్న ముద్దనే తీసుకుని, నోట్లో పెట్టుకుని, నా వైపు చూస్తూ నెమ్మదిగా నమిలింది. కంచం ఖాళీ అయ్యేదాకా తింది. మీ తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు.

తర్వాత ఆమె పక్కకు నెట్టిన కంచం నేను దగ్గరికి తీసుకున్నాను. ఆకలిగా ఉంది. ఎవరి వైపూ చూడకుండా తిన్నాను.

పల్లవి